ముదిగొండ పిల్లలకు ఒక నవల కావాలి

2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. పేదలకు సాగుభూమి, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని వామపక్షాలు ఆ రోజు రాష్ట్ర బంద్‌కు పిలుపునిచ్చాయి. ముదిగొండలో జనం రోడ్డు మీదికొచ్చారు. ఇప్పుడు ఆ మండలంలో పదో తరగతి చదువుతున్న పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. తల్లిదండ్రులకు జ్ఞాపకంగా ఉన్న విషయం వాళ్లకు చరిత్ర. అది వాళ్లకు అందే దారులు చాలా ఇరుకు: ఏటా జులై 28న జరిగే సంస్మరణ సభ, మైకులో వినిపించే పేర్లు, గోడ మీద రాత. ఆ రోజు రోడ్డెక్కిన మనిషి ముందు రోజు రాత్రి ఇంట్లో ఏం మాట్లాడి ఉంటాడు, కూలి పోతుందని ఎవరు ఆపబోయి ఉంటారు, పట్టా చేతికొచ్చినా పొలంలో కాలు పెట్టలేకపోవడమంటే ఏమిటి అన్నవి ఆ సభలో ఎవరూ చెప్పరు. సభ పని అది కాదు కూడా. పాఠ్యపుస్తకం పనీ కాదు. దానికి ఉన్న చోటు నాలుగు వాక్యాలు. ఆ పని చేయగలిగింది కథ.

చారిత్రక నవల అనగానే మనకు కోటలు, కత్తులు గుర్తొస్తాయి. నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి', అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' వేసిన ముద్ర అంత గట్టిది. మామూలు జనం తమ హక్కు కోసం నిలబడ్డ కాలాన్ని తీసుకుని, అందులో కల్పిత పాత్రలను నడిపించి, పదేళ్ల పిల్లలు చదివేలా రాసిన నవలలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా కనిపించవు. అమెరికాలో నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం మీద అలాంటి పుస్తకాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి, బడుల్లో పాఠాలయ్యాయి, వివాదాలూ అయ్యాయి. ఆ అనుభవాన్ని, మన దగ్గరున్న కొద్దిపాటి సరుకును పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. జనం కలిసి కూర్చోవడం, జంకడం, వాదులాడుకోవడం, చందాలు పోగేసుకోవడం, ఒక నిర్ణయానికి రావడం కనిపించే కథే పిల్లలకు ఉద్యమాన్ని నేర్పుతుంది. ఒక్క వీరుడి చుట్టూ తిరిగే కథ అభిమానాన్ని నేర్పుతుంది, ఒక్క దారుణం చుట్టూ తిరిగే కథ భయాన్ని నేర్పుతుంది. ఈ రెండింటిలో ఏదీ ఉద్యమం కాదు.

అమెరికా నల్లజాతి చరిత్రతో తెలుగు పాఠకులకు పరిచయం కథ ద్వారానే జరిగింది. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి సంక్షిప్తంగా తెలుగు చేస్తే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో 'ఏడు తరాలు'గా వేసింది. బానిస ఓడల గురించి ఏ చరిత్ర గ్రంథమూ చదవనివాళ్లకు కూడా అందులోని కుంటా కింటే పేరు తెలుసు. కథకున్న బలం అంత. ప్రమాదమూ అక్కడే ఉంది. హేలీ తన వంశవృక్షం గురించి చెప్పుకున్న వివరాలను ఆ తర్వాత పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. హెరాల్డ్ కూర్లాండర్ నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న దావా 1978లో పరిహారంతో రాజీ అయింది. దీన్ని పట్టుకుని, కల్పన చరిత్రను పాడుచేస్తుంది కాబట్టి పిల్లలకు కథలొద్దు, వాస్తవాలే చెప్పండి అనేవాళ్లున్నారు. కానీ 'రూట్స్' వివాదం నేర్పేది వేరు. కల్పనను కల్పన అని చెప్పి ఉంటే ఆ గొడవలో సగం ఉండేదే కాదు. ఏది జరిగింది, ఏది ఊహించింది అని చివరి రెండు పేజీల్లో రచయిత విప్పి చెప్పే పుస్తకం పిల్లలకు చరిత్రతో పాటు చరిత్రను పరీక్షించడం కూడా నేర్పుతుంది. అలాంటి రెండు పేజీలు లేని చారిత్రక నవలను బడిలో పాఠంగా పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇక కల్పన అని ఒప్పుకోకుండా, వాస్తవం పేరుతోనే పిల్లలకు చెప్పే కథలు చేసే హాని ఇంకా పెద్దది. రోసా పార్క్స్ కథే చూడండి. 1955 డిసెంబర్ 1న మాంట్‌గోమరీ నగరంలో పనినుంచి అలసిపోయి వస్తున్న ఒక కుట్టుపని మహిళ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు వదలనంది, దాంతో ఉద్యమం పుట్టింది: పిల్లల పుస్తకాలు చాలాకాలం ఇలాగే చెప్పాయి. విద్యావేత్త హెర్బర్ట్ కోల్ ఈ పుస్తకాలను పరిశీలించి, ఇది ఉద్యమాన్ని దాచిపెట్టే కథ అని తేల్చాడు. పార్క్స్ అప్పటికే నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆ వేసవిలోనే హైలాండర్ పాఠశాలలో శిక్షణ పొందింది. ఒళ్లలసి కూర్చుండిపోలేదని ఆమే తన ఆత్మకథలో స్పష్టం చేసింది. అదే ఏడాది మార్చి 2న, అదే నగరంలో, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి సీటు వదలనందుకు అరెస్టయింది. ఆ అమ్మాయి కేసును ముందు పెట్టాలా వద్దా అని నాయకుల్లో తర్జనభర్జన నడిచింది. పార్క్స్ అరెస్టయిన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు, ఆమె సహచరులు బస్సుల బహిష్కరణ కరపత్రాలు వేలకొద్దీ అచ్చుతీశారు. తర్వాత 381 రోజులు జనం నడిచారు, కార్లు పంచుకున్నారు. ఆ కరపత్రాల రాత్రి, ఆ కార్ల ఏర్పాటు, కాల్విన్ విషయంలో జరిగిన వాదన, ఇవన్నీ పక్కకు పోయి అలసిన కాళ్లు మాత్రమే మిగిలితే పిల్లలకు అందే పాఠం ఒక్కటే: ఎప్పుడో ఒక మంచి మనిషి పుట్టి ఒకరోజు విసిగిపోవాలి, అందాకా మనం ఆగాలి. పౌరహక్కుల ఉద్యమం బోధించిన దానికి ఇది పూర్తిగా తలకిందులు.

దీనికి సరైన జవాబు మిల్‌డ్రెడ్ టేలర్ నవల 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై'లో దొరుకుతుంది. 1976లో వచ్చి మరుసటి ఏడాది న్యూబెరీ పతకం గెలుచుకున్న పుస్తకం అది. ఖమ్మం పాఠకులు దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి, ఎందుకంటే దాని నడిబొడ్డున ఉన్నది భూమి. 1933 ప్రాంతపు మిసిసిపీలో లోగన్ కుటుంబానికి 400 ఎకరాలున్నాయి. చుట్టూ ఉన్న నల్లవాళ్లంతా పాలుకు చేసే పత్తి రైతులు, భూస్వామి కొట్లో అప్పు పెట్టి బతికేవాళ్లు. తొమ్మిదేళ్ల కాసీ కథ చెబుతుంది. బడిలో పంచిన పాత పుస్తకం అట్ట లోపల ఒక పట్టిక ఉంటుంది. తెల్లపిల్లలు వాడి వాడి పారేశాక, పుస్తకం స్థితి 'అధ్వానం' అని రాసిన గడిలోనే నల్లపిల్లలకు ఇచ్చినట్టు నమోదై ఉంటుంది. ఆరేళ్ల తమ్ముడు అది చదివి పుస్తకాన్ని నేలకేసి కొడతాడు. టీచరుగా పనిచేసే తల్లి ఆ పట్టిక మీద కాగితం అంటిస్తుంది. పిల్లలకు ఇంతకన్నా తేటగా వివక్షను చెప్పిన సన్నివేశం నాకు వేరే తెలియదు. ఉపన్యాసం ఒక్కటి లేదు, పుస్తకం, జిగురు, కాగితం అంతే. ఆ తల్లే తర్వాత ఇంటింటికీ తిరిగి ఆ కొట్లో సరుకులు కొనొద్దని ఒప్పించబోతుంది. అప్పుకు ఎవరు పూచీ పడతారని ఒక రైతు అడుగుతాడు, కొందరు చేరతారు, కొందరు బెదిరింపులకు వెనక్కి తగ్గుతారు. పాఠ్యపుస్తకంలో లేని బానిసత్వ చరిత్ర చెప్పినందుకు ఆమె ఉద్యోగం పోతుంది. ఉద్యమానికి ఎంత ఖర్చవుతుందో, అది ఎవరి జేబులోంచి పోతుందో పిల్లలకు లెక్కతో సహా తెలుస్తుంది. చివరికి గెలుపేమీ లేదు. అయినా చదివిన పిల్లలకు ఏం చేయొచ్చో తెలుస్తుంది.

క్రిస్టఫర్ పాల్ కర్టిస్ 1995లో రాసిన వాట్సన్ కుటుంబం కథ మరో మార్గం పట్టింది. పుస్తకంలో చాలాభాగం అన్నదమ్ముల అల్లరి, నవ్వులు. చివర్లో కుటుంబం బర్మింగ్‌హామ్ చేరుకున్నాక 1963 సెప్టెంబర్ 15న చర్చిలో బాంబు పేలుతుంది. నిజంగా ఆ పేలుడులో నలుగురు బాలికలు చనిపోయారు. ఆ వయసు పిల్లలకు మరణాన్ని ఎలా చెప్పాలో ఈ పుస్తకం నుంచి నేర్చుకోవచ్చు. లోటూ ఉంది. అదే ఏడాది మే నెలలో అదే నగరంలో వేలాది మంది బడిపిల్లలు ఊరేగింపుగా వెళ్లి, పోలీసు కుక్కలను, నీటి గొట్టాలను ఎదుర్కొని జైళ్లు నింపారు. చుట్టపుచూపుగా వచ్చిన కుటుంబం కళ్లతో చూడటం వల్ల కథ లోపల వాళ్లకు చోటు దక్కలేదు.

ఈ బయటి మనిషి చూపు మన నవలలకూ కొత్త కాదు. దాశరథి రంగాచార్య ఖమ్మం పరిసరాల మట్టి తెలిసిన రచయిత. ఆయన 'చిల్లర దేవుళ్లు'లో నిజాం కాలపు దొర గడీని, వెట్టిని, గడీలో దాసీలుగా ఉండే ఆడబాపల బతుకును చూపినంత దగ్గరగా మరొకరు చూపలేదు. అయితే ఆ ఊరిని మనకు చూపించేది ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతకారుడు సారంగపాణి. తెలియని పాఠకుడికి ఊరు పరిచయం చేయడానికి అది మంచి ఉపాయమే. కానీ బడిపిల్లలకు ఇది ఒక్కటే ఇస్తే, చూసి జాలిపడేవాడు ఒకడు, పడి ఉండేవాళ్లు మిగతావాళ్లు అన్న లెక్క మనసులో పడిపోతుంది. దాని పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి 1955లో ప్రచురించిన 'ప్రజల మనిషి' పెట్టాలి. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, కంఠీరవం అనే యువకుడు. పేరు ఒక మనిషిదైనా, ఆంధ్ర మహాసభ కాలంలో ఒక ఊరు నెమ్మదిగా నోరు విప్పడం అందులోని అసలు కథ. ఆళ్వారుస్వామి స్వయంగా 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసిన కార్యకర్త. ఉద్యమమంటే రోజువారీ పని అని తెలిసినవాడు. ఈ రెండు నవలలూ పెద్దల కోసం రాసినవి. తొమ్మిదో తరగతి దాటినవాళ్లకు ఫరవాలేదు, ఏడో తరగతికి భారం.

నవల లేనిచోట సాక్ష్యం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. వీరగాథల్లో కనిపించనివన్నీ అందులో ఉన్నాయి: దళంలో ఉండగా పుట్టిన బిడ్డను ఏం చేయాలన్న ప్రశ్న, పోరాటం విరమించాక ఇంటికి తిరిగొచ్చిన ఆడవాళ్లకు ఎదురైన చులకన, పార్టీ మీద మనస్తాపం. మల్లు స్వరాజ్యం చిన్నతనంలోనే, భూస్వాముల ఇంట పుట్టి కూడా, కూలీల పక్షాన నిలబడిన తీరు పిల్లల నవలకు దానికదే ముడిసరుకు. సాక్ష్యాలున్నప్పుడు కల్పన ఎందుకని అడగొచ్చు. సాక్ష్యం చెప్పే మనిషి జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూస్తూ మాట్లాడుతుంది. చివరికేమైందో ఆమెకు తెలుసు. నవలలోని పాత్రకు రేపేమవుతుందో తెలియదు. ఆ తెలియనితనంలో ఉండి నిర్ణయం తీసుకోవడమే ధైర్యమని పిల్లలకు అర్థం కావాలంటే కల్పన కావాలి. రెండూ కలిపి చదివించాలి, ఒకదాని బదులు ఒకటి కాదు.

కుల వివక్ష దగ్గరికొచ్చేసరికి సమస్య మరింత సున్నితం. 1955 జూన్ 1న అస్పృశ్యతా నేరాల చట్టం అమల్లోకొచ్చింది. ఆరు నెలలకు మాంట్‌గోమరీ బహిష్కరణ మొదలైంది. తర్వాత 1976లో ఆ చట్టానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. చట్టం వచ్చి ముప్పై ఏళ్లయ్యాక, 1985 జులై 17న కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ దళితవాడ మీద దాడిగా మారి ఆరుగురిని బలితీసుకుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద మరో దాడి. ఈ రెండు పేర్లూ మనకు దారుణాలుగానే గుర్తుంటాయి. కారంచేడు బాధితులు ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకుని నెలల తరబడి నిలబడ్డారు, దళిత మహాసభ పుట్టింది, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆ ఒత్తిడి ఉంది. నాకు పిల్లల నవల రాసే అవకాశం ఎవరికైనా ఇవ్వగలిగితే, ఆ శిబిరంలో పొయ్యి రాజేసి వంట చేసుకుంటూ, బడి మానేసి, పెద్దల సభల్లో కూర్చున్న ఒక పిల్ల కథ రాయమంటాను. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో తరతరాల దళిత చరిత్రను రూతు జ్ఞాపకాల మీదుగా చెప్పి ఆ దారి వేసింది. పాటను, వీధినాటకాన్ని, వలసను ఒకే తాడుకు అల్లింది. అది కూడా పెద్దల పుస్తకమే.

ఇక్కడ అన్నింటికన్నా బరువైన అభ్యంతరం ఎదురవుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో అవమానపు కథ చదివిస్తే మిగతావాళ్ల చూపంతా ఆ కులం పిల్లల మీద పడుతుంది. నొప్పిని పాఠం చేసి మళ్లీ నొప్పించినట్టవుతుంది. ఈ భయం నిజమైనది, తేలిగ్గా తీసిపారేయలేం. టేలర్ నవలలోని జాతి దూషణ పదాల వల్ల అమెరికా బడుల్లోనూ ఇలాంటి అభ్యంతరాలొచ్చాయి. నా జవాబు రెండు భాగాలు. కథలో ఆ పిల్లకు కోపం, తెలివి, చమత్కారం, ఇష్టమైన ఆటలు ఉండాలి. ఏడుపు ఒక్కటే ఉండకూడదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు ఇది సాధ్యమని చూపాయి. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితల కథల్లో మాంసం వండే ఇల్లు, హాస్టల్ గది, పశువుల మంద మామూలు విషయాలుగా, గర్వంగా కనిపిస్తాయి. అప్పటిదాకా తెలుగు పిల్లల పుస్తకాల్లో ఆ ఇళ్లకు దాదాపు చోటే దొరకలేదు. రెండో భాగం ఉపాధ్యాయుడి చేతిలో ఉంది: ఆ పిల్లను నిలబెట్టి నీ అనుభవం చెప్పమని అడగకపోవడం. కథ ఉన్నదే అందుకు. తన బతుకు బయటపెట్టుకోకుండానే పాత్ర గురించి మాట్లాడే వీలు ఆ పిల్లకు దక్కుతుంది. వ్యాసంలో, ఉపన్యాసంలో ఆ చాటు దొరకదు.

అడవి అంచుకు వెళితే ఇంకో సంగతి. భద్రాచలం వైపు కోయ పిల్లలకు, మిగతా తెలుగు పిల్లలకు కూడా, ఇవాళ కొమురం భీం అంటే 2022లో వచ్చిన సినిమాలోని భీం. జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల గోండుల భూమి కోసం నిజాం సర్కారుతో తలపడి 1940లో చనిపోయిన మనిషి తెర మీద ఢిల్లీకి వెళ్లి, 1924లోనే మరణించిన అల్లూరి సీతారామరాజుతో స్నేహం చేస్తాడు. అది కల్పన అని సినిమావాళ్లే చెప్పారు, తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ కల్పనలో పట్టా అడిగిన అర్జీలు లేవు, సాగు చేసిన చెలక లేదు. సాహు, అల్లం రాజయ్య 1983లో రాసిన 'కొమురం భీం' నవల వీటన్నిటినీ పట్టుకుంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు చేతులు మారకూడదన్న 1/70 చట్టం, పోడు సాగుకు హక్కు ఇవ్వాలన్న 2006 అటవీ హక్కుల చట్టం ఎందుకొచ్చాయో అర్థం కావాలంటే ఆ చెలక కథ తెలియాలి. అది కోయ ఇంట్లో పుట్టినవాళ్లు రాస్తే మరీ మేలు. ఇప్పటిదాకా వాళ్ల గురించి రాసినవాళ్లే ఎక్కువ, వాళ్లు రాసింది తక్కువ.

ముదిగొండ మీద నవల అనగానే వచ్చే మాట, ఇది రాజకీయం కదా అని. ఆ పోరాటం కమ్యూనిస్టులు నడిపింది, అప్పటి ప్రభుత్వం కాంగ్రెస్‌ది, ప్రభుత్వ బడిలో దాన్ని ఎలా చదివిస్తారు? భూమి ఎవరికి దక్కాలన్నది రాజకీయమే; దాన్ని దాచి చెబితే మిగిలేది ఏడుగురు ఎందుకో చనిపోయారన్న అర్థం లేని వార్త. అయితే పార్టీ కరపత్రంలా రాస్తే నవల అక్కడే చచ్చిపోతుంది. భూసమస్యల మీద కోనేరు రంగారావు కమిటీని వేసింది ఆ ప్రభుత్వమే. 2006లో వందకు పైగా సిఫారసులతో నివేదిక వచ్చింది. వాటిని అమలు చేయమన్నది ఉద్యమం అడిగినవాటిలో ఒకటి. ప్రభుత్వం వేసిన కమిటీ ఒప్పుకున్న విషయాన్ని అడిగినవాళ్ల మీదికి తుపాకీ ఎలా వచ్చిందన్నది పిల్లలు అడగాల్సిన ప్రశ్న, నవల దాన్ని వాళ్ల చేత అడిగించాలి. అందులో కానిస్టేబుల్ ఇల్లు కూడా ఉండాలి. అతని కూతురు, కూలి మనిషి కొడుకు ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. కాల్పుల తర్వాత బడి తెరిచిన రోజు ఆ బెంచీ మీద ఏం జరిగి ఉంటుందో ఊహించగలిగిన రచయితకు మిగతాదంతా పట్టుబడుతుంది. రెండు పక్షాలూ సమానమని తీర్పు చెప్పడానికి కాదు, ఆజ్ఞ ఎక్కణ్నుంచి ఎలా కిందికి దిగుతుందో చూపడానికి ఆ ఇల్లు కావాలి.

చావులున్న కథ చిన్నపిల్లలకు తగదన్నది చివరి అభ్యంతరం. తుపాకీ మోతతో మొదలయ్యే కథ తగదు, నిజమే. గుడిసె వేసుకోవడానికి జాగా ఎక్కడ దొరుకుతుందని ఇంట్లో జరిగే మాటలతో మొదలై, సంఘం మీటింగుకు వెళ్లిన అమ్మ ఆలస్యంగా రావడంతో నడిచే కథ పదేళ్లవాళ్లకు పూర్తిగా తగుతుంది. చివరి అధ్యాయానికి వచ్చేసరికి చనిపోయింది ఎవరో వాళ్లకు తెలిసి ఉంటుంది. ముదిగొండ ప్రాంతపు పిల్లలు ఆ చావుల గురించి ఎలాగూ పెద్దల మాటల్లో ముక్కలు ముక్కలుగా వింటూనే ఉన్నారు.

ఖమ్మం రచయితలకు, తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. 2007లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు ముప్పైకి అటూఇటూ ఉన్నారు, అప్పటి పెద్దలు కొందరు ఇప్పటికే పోయారు. ముందు వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఆనాటి పత్రికలు, కమిటీ నివేదిక ఒకచోట చేర్చండి. ఆ తర్వాత నవల రాసి, అచ్చుకు పంపే ముందు ముదిగొండ బడిలో ఏడో తరగతి పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు లేని పేజీలు మళ్లీ రాయండి.